తువ్వాల కింద తాత చెయ్యి

"అమ్మమ్మా, మనకాడ నిజాం రాజ్యం గదా. మరి తెల్లోళ్ళు మనల్ని ఏలిన్రంటే ఎట్ల?"

రికార్డు మొదలైందా? అయితే ముందే చెప్తున్న బిడ్డా, నేను ముందుది ఎనుకకు, ఎనుకది ముందుకు చెప్తనేమో. పొద్దుగాల గోలీ ఏసుకున్ననా అని మీ అమ్మను మూడుసార్లు అడిగిన. గసొంటిదాన్ని కాలేజీ ప్రాజెక్టుకు చరిత్ర అడుగుతున్నవు. నీ ధైర్యం మెచ్చుకోవాలె.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాక. మిగిలింది ఆర్మూర్ లైబ్రరీల సొంతంగ చదివిందే. అక్కడి సారు "వంటల పుస్తకం కావాల్నా అమ్మా" అనేటోడు. "వంట నాకు అస్తది సారూ, తెల్లోళ్ళు ఎట్లొచ్చిన్రో గదే తెల్వది" అంటుంటి.

పుస్తకానికో తీరు. ఒకాయన, యాపారం కోసం వచ్చి రాజ్యం పట్టిన్రని రాసిండు. ఇంకొకాయన, వాళ్ళకు ఏ ఉపాయం లేకుండె, ఒక కొట్లాట ఇంకో కొట్లాటలకు గుంజుకపోయిందని రాసిండు. గది చదివి మస్తు నవ్విన. మా ఆడబిడ్డ గూడ గట్లనే, రెండు రోజులకని వచ్చి ఎండకాలమంతా ఉంటుండె. మూడో ఆయన, మనోళ్ళు చెయ్యి అందియ్యకుంటే గంత కొద్దిమంది ఒక్కనాడు గూడ నిలవకపోదురు అన్నడు. గా పుస్తకం నాకు నచ్చలే. సగంలనే వాపసిచ్చిన. మా తాత వీరుడాయె మరి!

గా ముచ్చట నీకెరుకే, చెప్పి చెప్పి నీ చెవులకు తూట్లు వొడిసిన. ఆ ఫోనుకు తెల్వది గద, మళ్ళ చెప్త. మా తాత రాజన్న పసుపు దలాలి, రైతులకు కొనేటోళ్ళకు నడుమ బేరం కుదిర్చేటోడు. గప్పుడు బేరం నోటితోని కాదు. తువ్వాల కప్పి, దాని కింద ఒకరి ఏళ్ళు ఒకరు నొక్కి ధర చెప్పుకునేటోళ్ళు. చుట్టూ నిలబడ్డోళ్ళకు తువ్వాల ఒక్కటే కనబడేది. బొంబాయి నుంచి పసుపు కొననీకి తెల్లదొర వచ్చి తక్కువ ధర నొక్కితే, మా తాత తువ్వాల గుంజి దొర మొకాన కొట్టిండు! అరవై ఏండ్లు గిదే చెప్పిన. మొన్న జెండా పండుగకు బడిల గూడ చెప్పిన. పిల్లలు చప్పట్లు కొట్టిన్రు, సార్లు శాలువా కప్పిన్రు. నేను జర మెడ లేపే కూసున్న.

గనాడు శనివారం, వారానికోపారి చావి ఇచ్చే దినం. ఇంటికొచ్చి గోడ గడియారానికి చావి ఇస్తున్న. మా నాయినమ్మ ఎవ్వలొచ్చినా గా గడియారం చూపించి, "దొర మెచ్చి మా ఆయనకిచ్చిండు" అంటుండె. నేను గూడ అంటుంటి. చావి తిప్పుకుంటనే ఆగిపోయిన. మొకాన తువ్వాల కొట్టినోనికి దొర గడియారం ఎందుకిస్తడు బిడ్డా?

రెండు ముచ్చట్లూ గీ ఒక్క నోటితోనే చెప్పిన, ఒక్కనాడన్న పక్కపక్కన పెట్టి చూడలే. ఇప్పుడు మతిమరుపని భయపడుతున్న గని, మతి మంచిగున్ననాడు నాకు సోయి ఎక్కడుండె?

ఇందల్వాయిల ఉన్న మా తమ్మునికి, అదే మీ చిన్నతాతకు, ఫోన్ జేసిన. ఒక్కటే నవ్వుడు. "అక్కా, దొర చెయ్యికి పసుపంటుతదని, ఆయన తరఫున తాతనే తువ్వాల కింద చెయ్యి పెట్టి తక్కువ ధరకు రైతుల ఏళ్ళు నొక్కుతుండె. నాయిన చెప్పలేదా? కొట్టిన ముచ్చట నువ్వు చిన్నప్పుడు కల్పించిందే" అన్నడు.

"మరి గిన్నేండ్లు ఎందుకు నోరు మూసుకున్నవ్‌రా?"

"నువ్వు మంచిగ చెప్తుంటివి" అన్నడు.

ఏదో అడిగినవు కదా... ఆఁ, నిజాం ముచ్చట. నిజాం తువ్వాల, బిడ్డా. పైకి గదే కనబడేది. కింద హైదరాబాదుల తెల్లోళ్ళు కూసోబెట్టిన రెసిడెంటు దొర ఏళ్ళు నొక్కుతుండె. మూడో ఆయన పుస్తకం మళ్ళ తెచ్చుకుని ఆఖరు దాక చదివిన. తాత చెడ్డోడా అంటే నాకు తెల్వది. ఇంట్ల మస్తుమంది తినేటోళ్ళు. అయితే, ఆ రైతుల ఇండ్లల్ల గూడ తినేటోళ్ళు ఉండిరి గద.

నీ ప్రాజెక్టుల గా కొట్టిన ముచ్చట తీసెయ్యి. బడి పిల్లలకు నేనే పోయి చెప్పుకుంట. శాలువా వాపసడిగితే ఇచ్చేస్త, ఇంటికొచ్చి పెట్టిన మడత ఇంకా ఇప్పలే.

సల్లగుండు బిడ్డా, మంచిగ రాయి. పేర్లు మాత్రం ఒకపారి చిన్నతాతను అడుగు. దొర పేరు, ఆ రైతుల పేర్లు నేను కలగలుపుతున్న. తాత పేరు మటుకు ఎవ్వల్నడగకు. రాజన్న. గది దాయకుంట రాయి.