మూడో మెట్టు గది

టీచర్ గారు మా బడిలో ఉద్యోగంలో చేరిన తేదీ ఆఫీసు రిజిస్టరులో ముప్పై ఒక్క ఏళ్ల కిందటి జూలై రెండు. నా డైరీలో మాత్రం ఆ తేదీ మూడేళ్ల కిందటి సెప్టెంబరు పదకొండు, ఆదివారం. ఆ రోజు టీచర్ గారు మా ఇంటికి వచ్చేసరికి నాన్న, అమ్మ, నాన్నమ్మ, కుట్టు మిషను ముందు అత్త, మిషను కింద గుడ్డపీలికలతో చెల్లెలు, తలుపు చాటున నేను ఉన్నాం. నన్ను ఏడో తరగతిలోనే మాన్పించాలని అప్పటికే తేలిపోయింది.

"నోరు తెరవని పిల్లకి బడి ఎందుకండీ? మిషను దగ్గర నోటితో పనే లేదు" అన్నాడు నాన్న.

"ఆరు వారాలు ఇవ్వండి. నలభై మంది ముందు నిలబడి పేజీ చదువుతుంది. చదవకపోతే మీ ఇష్టం" అన్నారు టీచర్ గారు.

"మీ పంతం బాగానే ఉంది టీచరమ్మా. ఇది ఇంట్లో మంచినీళ్లు కూడా అడగదు" అంది నాన్నమ్మ.

"అయితే నేనే అడుగుతాను. ఎండన పడి వచ్చాను, ఒక గ్లాసు ఇప్పించండి."

అత్త నవ్వింది. నాన్న నవ్వలేదు గానీ ఆరు వారాలు ఇచ్చాడు.

టీచర్ గారి పదవీ విరమణకు సాటి ఉపాధ్యాయులు రాయవలసిన ఈ సంచికలో నాకు చోటు దొరకడానికి కారణం, నేనిప్పుడు మంగళవారాలు చిన్న పిల్లల చదువు గుంపులో టీచర్ గారికి సాయంగా కూర్చోవడమే. టీచర్ గారు చేరిన కొత్తలో వెనకబడిన వారందరినీ చివరి బెంచీలో కూర్చోబెట్టి, మిగతా ఉపాధ్యాయులు 'మొద్దుల వరస' అనేవారట. ఆ వరసను టీచర్ గారు ఒప్పుకోలేదు. బడిలో ప్రతి ఒక్కరి చదువునూ పరీక్షించి, సాయాన్ని మూడు మెట్లుగా ఏర్పరచారు. మొదటి మెట్టు అందరిదీ. పాఠంతో పాటు, కోపం వస్తే ఎవరినీ కొట్టకుండా బల్ల మీద ఎర్ర అట్టముక్క పెట్టడం కూడా అక్కడే నేర్పారు. అది చాలని వారికి రెండో మెట్టు: వరండాలో ఐదుగురు, వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. అదీ చాలకపోతే మూడో మెట్టు, అంటే విరిగిన బల్లలు తీసేసి టీచర్ గారే కడిగి సున్నం వేసుకున్న చిన్న గదిలో ఒక్కరికి ఒక్కరు. "ఒక్కరి కోసం ఒక టీచరా?" అని అప్పటి హెడ్మాస్టరు గారు అడిగితే, టీచర్ గారు తన టీ విరామాన్ని ఆ గదికి ఇచ్చేశారు.

ఆ గదికి ఒక నియమం ఉంది. లోపలికి వచ్చిన రోజే కార్డు మీద బయటికి వెళ్లే తేదీ రాయాలి. నా కార్డు మీద అక్టోబరు ఇరవై ఒకటి అని రాశారు. ప్రతి శుక్రవారం ఒక నిమిషం చదివించి, తప్పు లేకుండా చదివిన మాటలు లెక్కపెట్టి, గళ్ల కాగితం మీద చుక్క పెట్టేవారు. మూడు వారాలు నా చుక్క పైకి పాకింది. నాకు భయం పట్టుకుంది. ఆ గదిలో నా గొంతు నాకు వినిపించేది. క్లాసులో వినిపించేది కాదు. అందుకని నాలుగో శుక్రవారం కావాలనే తప్పులు చదివాను.

టీచర్ గారు చుక్క పెట్టలేదు. పెన్ను పక్కన పెట్టారు.

"'పర్యవసానం' గడగడా చదివావు. 'పలక' దగ్గర తడబడ్డావు. నన్ను వెర్రిదాన్ని చేస్తున్నావా?"

"ఇక్కడే బాగుంది టీచర్."

"బాగుంటుంది. అందుకే తేదీ ముందే రాశాను. మళ్లీ చదువు."

మళ్లీ చదివాను. చుక్క ఎక్కడికి చేరాలో అక్కడికి చేరింది. గడువు రోజున క్లాసులో ఆ పేజీ చదివాను కనుకనే ఇవాళ పదో తరగతిలో ఉన్నాను. ఈ వ్యాసాన్ని వీడ్కోలు సభలో చదవవలసింది కూడా నేనేనట.

మా కార్డుల మీద రాసినట్టే, టీచర్ గారు చేరిన రోజునే వారు వెళ్లే తేదీ కూడా ఆఫీసు పుస్తకంలో ఖాయమైందట. ఇన్నేళ్లూ ఒక్క టీ విరామమైనా తీసుకోని టీచర్ గారు, ఇకపై టీ వేడిగా ఉండగానే తాగుతూ, మోకాళ్ల నొప్పులు లేకుండా, మా పిల్లల పిల్లలకు కూడా కార్డులు రాసేటంత కాలం ఆరోగ్యంగా, ఆనందంగా ఉండాలని మా అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.

సభలో నా గొంతు వణికితే మీరందరూ అర్థం చేసుకోవడానికి, ఆ ఇరవై ఒకటో తేదీ గురించి కూడా రాసి ముగిస్తాను. బెల్లు కొట్టారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఇంకొక్క వారం, టీచర్."

"తేదీ మార్చను."

"అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. మొదటి వాక్యం ఆ నవ్వులోనే చదివెయ్. రెండో వాక్యానికి వాళ్లే ఆపుతారు."

"ఆపకపోతే?"

"మూడోది చదువు. నేను ఇక్కడే ఉంటాను. నువ్వు మాత్రం ఇక్కడికి రాకూడదు."

పుస్తకం నా చేతిలో పెట్టి, భుజం పట్టుకుని వరండాలోకి నడిపించి, లోపలికి వెళ్లి టీచర్ గారు తలుపు వేసేశారు.