కుడి చేతి టీకా

దొరల కాలంలో మహానది ఒడ్డున ఒక ఊరు, మిట్టమధ్యాహ్నం. సర్కారు తరఫున టీకాలు వేసే బాంఛానిధి మిశ్రా ఇంటి అరుగు కింద అంటరాని బావురి కులస్థుల వాడ నుంచి వచ్చిన సేబతి నిలబడి ఉంది.

"ఈ కాగితం మీద నిశానీ వెయ్యి సేబతీ. ఎంతసేపు నిలబడతావు ఎండలో?"

"ఏం రాశారో చదవండి అయ్యా, వేస్తాను."

"చదివాను కదా."

"మళ్లీ చదవండి."

"'బావురి సేబతి కూతురు ముక్త, ఐదేళ్లు, నిరుడు ఫాల్గుణంలో జ్వరంతో చనిపోయింది. తల్లి చెప్పగా రాసినది.' అంతే. కింద సంతకానికి బదులు గాజు బొమ్మ గీసెయ్యి, అయిపోతుంది."

"నేనెప్పుడు చెప్పాను? నాకు చెప్పింది మీరు కదా."

"ఎవరు చెబితే ఏం? పోయింది పోయినట్టే."

"పోయిందని ఠాణా పుస్తకంలో లేదయ్యా."

"అసలు ఠాణాకెందుకెళ్లావు నువ్వు?"

"ఎవరు పోయినా మా చౌకీదారు వారం వారం అక్కడికెళ్లి రాయిస్తున్నాడు. కొత్త పద్ధతంట. మా వాడలో పోయినవాళ్లందరి పేర్లూ ఉన్నాయి. నా ముక్త పేరే లేదు. మున్షీ మూడుసార్లు వెతికి, లేదు పొమ్మన్నాడు."

"నువ్వలా అడిగిన సంగతి దొర దాకా వెళ్లి నా కొంపకి చుట్టుకుంది. రేపు పెద్ద డాక్టరు దొర తనిఖీకి వస్తున్నాడు. టీకా కోసం ఊళ్లు తిప్పిన పిల్లలెందరు, తిరిగి ఇళ్లకి చేరిందెందరు, రెండూ సరిపోవాలంటాడు. పొద్దున్నే నేనే మీ వాడకి వచ్చి నిశానీ వేయించుకునేవాణ్ని. ఇంత దూరం నువ్వెందుకు వచ్చావు?"

"ఎనిమిది రోజులన్నారు. చేతి మీద పొక్కు పండగానే ఆ రసి తీసి పక్క ఊరి పిల్లలకి అంటిస్తాను, అంటించి పిల్లని తెచ్చి అప్పజెబుతాను అన్నారు. ఏడాదిన్నరయింది."

"దారిలో జ్వరం వచ్చిందని చెప్పాను కదా."

"ఎక్కడ పాతిపెట్టారు?"

"ఇసుకలో. ఏటి ఒడ్డున."

"మా ఆయనతో మామిడితోపు పక్కన అన్నారు."

"తోపు ఏటి ఒడ్డునే ఉంది."

"చూపించండి."

"ఏం చూపించను? వరదకి కొట్టుకుపోయింది."

"తోపు కూడానా?"

"సేబతీ, పోయిన పిల్ల కోసం ఇంకా ఎన్నాళ్లు తిరుగుతావు?"

"నేను తిరగడం లేదయ్యా, అదే తిరుగుతోంది. గంజి కుండ దించేసరికి ఆకు పట్టుకుని వచ్చి కూర్చుంటుంది. ఎడమ చెయ్యి చాపి, తల్లిని పిలిచే పిలుపుతోనే 'బౌ, పెట్టు' అంటుంది. మా ఆయన కర్మ చేశాడు, అయినా వస్తోంది. ఒక్క పుస్తకంలోనైనా పోయిందని ఉంటే వదిలేస్తుందేమోనని ఠాణాకెళ్లాను. నాకు భయంగా ఉందయ్యా. నా బిడ్డని చూస్తే నాకే భయంగా ఉంది."

"నేను చెప్పేదీ అదే. నిశానీ వేస్తే పేరు ఎక్కుతుంది. నీకూ మనశ్శాంతి, నాకూ ఉద్యోగం నిలుస్తుంది."

"అయితే ముందు మీ టీకా పుస్తకం తీయండి. ఆ రోజు రాసుకున్నారు కదా, అది చదవండి."

"అందులో ముక్త పేరుండదు."

"అందులోనూ లేదా?"

"ఎలా రాయను? అన్నీ బ్రాహ్మల ఊళ్లు. బావురి పిల్ల చేతి రసి తెచ్చి వాళ్ల పిల్లలకి ఎక్కించానని తెలిస్తే నన్ను బతకనిస్తారా? వేరే పేరు రాశాను."

"ఏం పేరు?"

"ఏదో పేరు."

"ఆ పేరు వినే వెళ్తాను."

"'కమల. బ్రాహ్మణ. ఐదేళ్లు. ఈ పిల్ల చేతి నుంచి ఇరవై ఆరుగురికి.' చాలా?"

"మీ కూతురి పేరు కదూ."

"అవును."

"అంతకు ముందు నెల మాఘంలోనే ఒళ్లంతా ఠాకురాణి అమ్మవారు పోసి పోయింది కదా కమలమ్మ. మా వాడ పక్కనుంచే మీరు మోసుకెళ్లారు."

"ఊరందరి పిల్లలకీ వేశాను. నా పిల్లకి రేపు వేద్దాం, రేపు వేద్దాం అని... వదిలెయ్యి. రాతలో ఏదో ఒక పేరుండాలి, చేతికొచ్చింది రాశాను."

"చదువుతూ మీ వేలు వరస మధ్యలోనే ఆగింది. మిగతాది చదవండి."

"'కుడి చెయ్యి. క్షేమంగా ఇంటికి చేరింది.'"

"కుడి చెయ్యి."

"నువ్వే కదా పట్టుబట్టింది, ఎడమ చేత్తో తింటుంది, నొప్పి పెడితే తిండి మానేస్తుంది, కుడి చేతికి వెయ్యమని. నా నౌకరీలో కుడి చేతికి వేసింది అదొక్కదానికే."

"క్షేమంగా ఎవరింటికి చేరిందయ్యా?"

"అది అందరికీ రాసే మాట."

"లోపల మువ్వలు మోగుతున్నాయి."

"మా ఆవిడ."

"పరిగెడుతున్న మువ్వలు."

"చెప్పాను కదా, మా ఆవిడని. కమల పోయినప్పటి నుంచి ఆమె మనిషి కాదు. అందుకే బదిలీ అడిగి, మమ్మల్ని ఎరగని ఊరు వచ్చాం. ఆమె చెవిన ఇవన్నీ పడనివ్వకు."

"దాహంగా ఉందయ్యా."

"నీళ్లు పంపిస్తాను. సిరా కూడా ఎండిపోయింది, తెస్తాను. అరుగు ఎక్కకు, అక్కడే ఉండు."

"ఇక్కడే ఉంటాను."

"నీళ్లు తెచ్చాను. దోసిలి పట్టు, పోస్తాను."

"ఎవరు పాపా నువ్వు?"

"కమల. మెల్లగా తాగు, అంతా కారిపోతోంది."

"ఎడమ చేత్తో పోస్తున్నావే."

"లోపల అమ్మ చూస్తే ఊరుకోదు, ఆవిడని 'మా' అని పిలవాలి. అన్నం తినేటప్పుడు ఈ చేతికి గుడ్డ చుట్టేస్తుంది."

"ఆ కుడి చెయ్యి ఇలా చూపించు. ఈ టీకా మచ్చలు..."

"ముట్టుకోకు. నువ్వు ముట్టుకోకూడదు."

"ముట్టుకోనులే. కడుపు నిండా పెడుతుందా ఆ 'మా'?"

"రెండు పూటలా అన్నం. పెరుగు కూడా. నాకు జ్వరమొస్తే తను తినదు."

"నేనెవరో నీకు..."

"మెల్లగా మాట్లాడు బౌ. 'మా' వింటుంది."

"కమలా, నిన్నెవరు రమ్మన్నారు బయటికి? చెంబు అక్కడ పెట్టి లోపలికి పో."

"నీళ్లు అడిగిందని..."

"పో అన్నానా? సేబతీ, అది మా అన్నగారి పిల్ల."

"సిరా తెచ్చారా?"

"మా అన్నగారి... కాదు. విను. జ్వరం వచ్చిన మాట నిజం. తగ్గాక నీకు అప్పజెబుదామని ఇంటికి తెచ్చాను, ఒక్క రాత్రి కోసం. పొద్దున లేచేసరికి మా ఆవిడ దాని తల దువ్వుతోంది. కమలా అని పిలుస్తోంది. నెల రోజుల తర్వాత అదే ఆమె మొదటి మాట. నేనూ ఆ పేరుతోనే పిలిచాను సేబతీ."

"కాగితం ఇలా పెట్టండి."

"చింపేస్తావా?"

"రెండు పూటలా తింటోందట. నా దగ్గర వారంలో నాలుగు రోజులు గంజి నీళ్లే. ఇప్పుడు నాదని అరిస్తే మీ వాళ్లు దాన్ని బతకనివ్వరు. గాజు ఎక్కడ గీయాలి?"

"ఇక్కడ. ఇంకోసారి చదవనా?"

"వద్దు. తల్లే చెప్పింది. ముక్త పోయింది. ఇక నా ఆకు దగ్గరికి రాదు."

"సరిపోయింది. గుండ్రంగా వచ్చింది."

"వెళ్తానయ్యా. ఎడమ చేతికి ఆ గుడ్డ చుట్టొద్దని మాత్రం అమ్మగారికి చెప్పండి."