నగేష్ వేసిన జాయిన్

ఆ పొద్దు మేడ్చల్ బస్ డిపో ఎదురుగా, శివమ్మ చాయ్ బండి దగ్గర మీరూ ఉన్నారు కదా, ఏం చూశారో చెప్పండి. నోరు మూసుకుంటే కుదరదు. చెప్పరా? అయితే నేనే చెబుతాను, తప్పుంటే ఆపండి.

ఆటో నడిపే భిక్షం ఓ పక్కన నిలబడి ఉన్నాడు. మర్నాడు వాళ్లమ్మ సాలమ్మకు కంటి ఆపరేషన్. షుగర్ రిపోర్టు చూడందే చెయ్యి పెట్టనన్నాడు డాక్టరు. ఆ రిపోర్టు పొద్దున ఫోన్‌కు వచ్చింది. చూసినప్పటి నుంచి భిక్షానికి బుర్ర పనిచేయడం లేదు. ఆ దవాఖానలోనే కంప్యూటర్ల పని చేసే నగేష్‌ను అడుగుదామని ఆగాడు. నగేష్ ఊపిరి తీసుకుంటే కదా!

"చిన్న పనే శివమ్మక్కా. పేషెంట్ల పేర్లు సుచిత్ర బ్రాంచిల ఒక డేటాబేస్‌ల ఉంటయ్, రిపోర్టులు ఈడ ల్యాబ్‌ల ఇంకో డేటాబేస్‌ల. రెండిటికీ పడదు, తోటికోడండ్ల లెక్క. రెండిటిని కలిపేటి జాయిన్ ఏస్తే ఒక్క వరుస రాదు. ఎందుకు? పేషెంట్ నంబర్ ముంగట ఆడ సున్నాలుంటయ్, ఈడ ఉండయ్. పెద్ద పెద్ద ఇంజనీర్లొచ్చి దండం పెట్టి పోయిండ్రు. నేనేం జేసిన్నో ఎరికేనా?"

"ఏం జేసినవ్, తోటికోడండ్లను కొట్టినవా?" అంది శివమ్మ చాయ్ వడగడుతూ.

"నంబర్‌నే పక్కన పడేసిన! పేరుకు పేరు, ఇంటిపేరుకు ఇంటిపేరు పెట్టి జాయిన్ ఏసిన. ఇగ వరుసలు వచ్చుడే వచ్చుడు. వెయ్యి లక్షాయె, లక్ష కోటాయె. రాష్ట్రంల ఉన్న జనం కన్న మా పేషెంట్లే ఎక్కువైండ్రు! సర్వర్ ఫ్యాన్ తిరిగిన తిరుగుడుకు జవహర్‌నగర్ చెత్తగుట్ట వాసన లేచి పోయి నిజామాబాద్‌ల దిగింది. ఆడి జనం పరేషాన్. సర్వర్ కాలిపోతదని శామీర్‌పేట చెరువుకు పైపు ఏసినం. చెరువు ఎండింది గని సర్వర్ సల్లారలే."

"నిన్ననే చూసిన, చెరువుల నీళ్లున్నయ్ గదనే," అన్నాడు కండక్టర్ వీరేందర్.

"నేనే మల్ల నింపిన! ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? సచ్చిపోయినోళ్ల రిపోర్టులు గూడ నార్మల్ అని వచ్చినయ్. ఒకాయన దినం నాడు దండేసిన ఫోటోలకెల్లి దిగొచ్చి, అన్నం పెట్టుమన్నడు!"

బండి దగ్గరున్నవాళ్లు విరగబడి నవ్వారు. భిక్షం నవ్వలేదు. ఫోన్ తీసి నగేష్ ముందు పెట్టాడు.

"అన్నా, నీ జాయిన్ మా ఇంటికి గూడ వచ్చింది. అరవై దాటిన మా అమ్మకు అయిదో నెలట. కడుపుల బిడ్డ మంచిగున్నదట."

నవ్వు మళ్లీ లేచింది. నగేష్ బెదరలేదు.

"పేరు సూడు, ఇంటిపేరు సూడు. సరిపోయిందా లేదా?"

"ఎందుకు సరిపోదు? మా అన్న బిడ్డకు మా అమ్మ పేరే పెట్టినం. పెండ్లైనా ఆధార్‌ల ఇంకా మా ఇంటిపేరే ఉన్నది. అయిదో నెల దానికి..."

అంటూ అంటూనే భిక్షం ఫోన్ వెనక్కి లాక్కున్నాడు. ఆ పిల్ల రిపోర్టు ఇక్కడికి వస్తే, అమ్మది ఎక్కడికి పోయినట్టు? శామీర్‌పేటలో అత్తగారింట్లో ఉన్న ఆ పిల్లకు ఫోన్ కలిపాడు. స్పీకర్‌లో ఆ పిల్ల గొంతు నీరసంగా పలికింది.

"షుగర్ మస్తున్నదని నాయనమ్మ పోయే దవాఖానలనే నిన్న గోలీలిచ్చిండ్రు చిన్నాయినా. పొద్దున ఒకటి ఏసుకున్న. కండ్లు తిరుగుతున్నయ్."

"లేని షుగర్‌కు గోలీ ఏసుకున్నది, నోట్లె చక్కెర పోసుకొమ్మను, జల్దీ!" అని అరిచింది శివమ్మ. భిక్షం ఆ మాటే ఫోన్‌లో చెబుతూ ఆటోలోకి దూకాడు.

నగేష్ గ్లాసు కింద పెట్టలేదు. "ఒకే ఇంట్ల ఇద్దరికి ఒకటే పేరు పెట్టుకుంటే, జాయిన్ ఏం జేస్తది?" అన్నాడు.

ఇప్పుడైనా నోరు విప్పండి. పుట్టిన పిల్లకు నాయనమ్మ పేరు పెట్టుకున్న ఆ ఇంటిదేనా తప్పు?