డబ్బాలో మిగిలిన ఆయిల్

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర దుర్గయ్య మోటార్ సైకిల్ షాపు. మంగళవారం పొద్దున ఎనిమిది గంటలు. టెలిగ్రాంలు పంచే ప్రకాశం ఖాకీ బట్టల్లో, దవడకు కట్టుతో, భుజాన సంచితో వచ్చి నిలబడ్డాడు.

"గా ఆయిల్ చూసే పుల్ల నా మొఖం ముందట ఊపకు ప్రకాశం. ఆయిల్ నేను పోసిన. నిండ పోసిన."

"నిండ పోస్తె పుల్ల కొసకు సుత ఎందుకు అంటలేదు దుర్గయ్యా?"

"దుర్గయ్యా? మొన్నటి దాక దుర్గన్నా, దుర్గన్నా అంటుంటివి."

"మొన్నటి దాక నా దవడకు కుట్లు లేకుండె."

"నువ్వు కింద పడ్డదానికి నేనా జిమ్మేదార్? ఎట్ల తోలుతవో నాకెరుక లేదా? ఎవనికో పెండ్లి శుభాకాంక్షలు అందియ్యనీకె, నువ్వే పెండ్లికొడుకు లెక్క ఉరుకుతవ్."

"బేగంబజార్ల ఉరికే జాగెక్కడున్నది? హమాలీల నడుమకెళ్లి మెల్లగ బయటపడ్డ. గేరు మార్చి జర లేపిన, అంతే. ఇంజన్ పట్టేసింది. ఎనుక చక్రం తిరగలే. పోయి ఇత్తడి బిందెల తోపుడుబండి మీద పడ్డ."

"బిందెలకేమన్న అయిందా?"

"నవ్వు. కడుపు నిండ నవ్వు. నన్ను దవాఖానకు తీస్కపోయిన్రు. బండిని ఆఫీసు షెడ్డుకు తీస్కపోయిన్రు. సంచి బండికే ఉండిపోయింది. ఇయ్యాల పొద్దున దాక దాన్ని ఎవ్వరు ఇప్పలే. పదకొండు టెలిగ్రాంలు. అందుకే నాకు మెమో."

"మెమో నీకు గద, నాకు కాదు. మీ బాపు ఇశ్రాయేలు వచ్చి, కొడుకుకు బండి నేర్పు దుర్గయ్యా అని రెండు చేతులు పట్టుకుంటె నేర్పిన. గదే నేను చేసిన తప్పు."

"మా బాపును నడుమల తేకు."

"తెస్త. ఆదివారం ఆఫీసు బండి మీద పెండ్లాన్ని, పిల్లను ఎక్కించుకొని చర్చికి పోయినవ్. మోజుగ. గది చెప్పినవా మీ సారుకు?"

"చెప్పిన."

"చెప్పినవా?"

"అన్ని చెప్పిన. బండి ఇప్పి చూసిన్రు. కింద యాడ కారలేదు. ఆయిల్ ఇడిసే నట్టు గట్టిగనే ఉన్నది. లోపట మాత్రం సగం ఆయిల్ సుత లేదు. శనివారం నువ్వు మార్చినవ్. సోమవారం పట్టేసింది. కారకుంట రెండు దినాల్ల ఆయిల్ యాడికి పోతది?"

"వంకర పెట్టి చూసుంటరు. సైడు స్టాండు మీద బండిని ఒరగబెట్టి పుల్ల ముంచితె ఒక్కోపారి ఒక్కో తీరు చూపెడ్తది. గంత ఎరుకలేనోళ్లు మీ షెడ్డోళ్లు."

"నడిమి స్టాండు మీద పెట్టిన్రు. సాఫు జాగల. పుల్ల గుడ్డతోని తుడిచి, బిగియ్యకుంట ఊకె ఆనిచ్చి చూసిన్రు. గిట్ల చూడాలని నాకు నేర్పిందెవరు?"

"నేనే."

"ఇంకేం నేర్పినవ్? కొత్త ఆయిల్ పోసినంక ఏం చెయ్యాలె?"

"నాకే పరీక్ష పెడుతున్నవా?"

"చెప్పు."

"స్టార్ట్ చేసి జరసేపు తిరగనియ్యాలె. బంద్ చేసి, ఆయిల్ కిందికి దిగినంక మల్ల పుల్ల చూడాలె. గీతకు తక్కువుంటె ఇంక పొయ్యాలె."

"చూసినవా?"

"ముప్పై ఏండ్ల సంది గిదే పని చేస్తున్న నేను."

"చూసినవా అని అడిగిన."

"నువ్వెవనివి నన్ను అడగనీకె? చాయ్ తాగుతవా, తాగు. లేకుంటె పో."

"నీ చాయ్ నాకొద్దు."

"కూసోనన్న కూసో. సంచి చంకల పెట్టుకొని, జప్తు చెయ్యనీకొచ్చిన అమీన్ లెక్క నిలబడ్డవ్."

"కూసోను. గా అరల డబ్బా ఉన్నది చూడు. పచ్చది."

"డబ్బాలు మస్తుంటయి."

"సుద్దతోని నంబరు రాసున్నది. ఎవరి బండి నంబరది?"

"ఎవరిదో. నాకేమెరుక."

"మా బండిది. పని కాకముందె లేవాల్సొస్తె, మిగిలిన ఆయిల్ డబ్బా మీద బండి నంబరు రాసి పెడుతవ్. వచ్చినంక మర్చిపోకుండ పొయ్యనీకె. ఊపు దాన్ని. సప్పుడైతదో లేదో నేను సుత ఇంట."

"ఊపుడెందుకు."

"ఊపు."

"ఊపకున్న ఎరుకే. సగమున్నది."

"శనివారం ఏమైంది?"

"అమ్మను రైలెక్కియ్యాలె. గద్వాలల తమ్ముని తానికి పోత, నాలుగు దినాలుండి వస్త అని ఒకటే లొల్లి. దగ్గు తగ్గినంక పోవే అంటె ఇనలే. ఆయిల్ సగం పోసిన, రైలొచ్చే టైం అయింది. ఉరికిన. చేతులు సుత కడుక్కోలే. ఆమె తెల్ల మూటకు నా చేతుల ఆయిల్ అంటింది. కిటికీలకెళ్లి తిట్టుకుంటనే పోయింది. వచ్చినంక తక్కింది పోస్త అనుకున్న. వచ్చేసరికి నువ్వు బండి తీస్కపోయినవ్."

"తాళం చెవి బల్ల మీదున్నది. పని అయిందనుకున్న."

"అడగాలె గద."

"ఎవర్ని అడగాలె? డబ్బానా?"

"పుల్లన్న చూడాలె. నేర్పిన గద."

"నువ్వు చేసిన బండికి మల్ల పుల్ల చూసుడేంది అనుకున్న. నా తప్పు గదే, సారుకు సుత చెప్పిన. మరి నువ్వు? ఆదివారమంత ఏం చేసినవ్? మా ఇల్లు గీ గల్లి ఎనుకనే గద."

"అమ్మ లేక ఇల్లంత బోసిగుండె. యాదికి రాలే."

"సోమవారం?"

"పొద్దుగాల షాపు తెరిస్తె డబ్బా కండ్ల పడ్డది."

"పడ్డంక?"

"మీ ఆఫీసు బండ్లు నాలుగు నా తానికి వస్తయి. సగమే పోసి ఇడిసిపెట్టిన అని ఎట్ల చెప్పాలె? రెండు దినాలు తిరిగింది, ఇంక రెండు దినాలు తిరుగుతదిలే అనుకున్న. ఏం కాదులే అనుకున్న."

"షాపు బంద్ చేసుకొని పోయినవ్. నిన్న పొద్దుగూకంగ కుట్లతోని ఇక్కడికొచ్చిన. తలుపు సందులకెళ్లి డబ్బా చూసిన. ఇంద, గీ కాయిదం మీద సంతకం పెట్టు."

"ఏముంది దాంట్ల?"

"శనివారం ఆయిల్ సగమే పోసిన, మల్ల చూడలే, చెప్పలే అని ఉన్నది. పదకొండింటికి సారు ముందట నిలబడాలె. నేనింక పర్మినెంట్ కాలే. గీ కాయిదం లేకుంటె ఇయ్యాల్నె ఇంటికి పొమ్మంటరు."

"ఉంటె నా నాలుగు బండ్లు పోతయి."

"పోతయి."

"ఎంత సాఫుగ అంటున్నవ్ రా. నీ చేతుల మొదటి పాన పెట్టింది నేను."

"సంతకం పెట్టు."

"అయినా ఒక్క దినం టెలిగ్రాంలు లేటయితె ఏం మునిగిందట? సంచి షెడ్డుల పడి ఉంటె లోకమేమన్న ఆగిందా?"

"సంతకం పెట్టు దుర్గయ్యా."

"నా కండ్ల దిక్కు చూసి చెప్పు. ఏం మునిగింది?"

"నాకు టైం లేదు. పెట్టు."

"ఇంద. పెట్టిన. నీ నౌకరి నీకు మిగిలింది, పండుగ చేసుకో. ఇగ నా గడప తొక్కకు."

"ఇంకో రెండు సంతకాలు పెట్టాలె."

"ఇంకేం మిగిలింది రాసిచ్చుడు?"

"కాయిదం మీద కాదు. గీ పుస్తకంల. టెలిగ్రాంలు. నీ పేరు మీదొచ్చినయి."

"నాకా? యాడికెళ్లి?"

"గద్వాల."

"రెండా?"

"రెండు."

"గింతసేపు సంచిల పెట్టుకొని నాతోని ఆయిల్ ముచ్చట చెప్పినవా?"

"ముందుగాల గివి ఇస్తె, గా కాయిదం అడగనీకె నాకు నోరొస్తుండెనా?"

"చదువు. ఇంగ్లీషు నాకు రాదు."

"ఏది చదవాలె?"

"ముందొచ్చింది."

"ముందొచ్చింది నిన్న పొద్దుగాలది. నేను పడ్డప్పుడు సంచిల ఉన్నది. అమ్మకు బాగలేదు, నిన్నే అడుగుతున్నది, పగటి రైలుబండికి రా అని ఉన్నది."

"పగటి బండి అంటె, నిన్నటి పగటి బండి."

"అవు."

"రెండోది?"

"ఇయ్యాల ఆరింటికొచ్చింది."

"చదువు."

"ముందు నువ్వు కూసో, దుర్గన్నా."