పన్నెండో గుంత

అడవి అంచున రేంజి ఆఫీసు, మధ్యాహ్నం. పంటల మీద పడే అడవిపందుల్ని అనుమతితో కాల్చే దేవ్‌సింగ్ అర్జీ పట్టుకొని నిలబడ్డాడు. రేంజి ఆఫీసర్ శ్రీధర్ ముందు వంటమనిషి గంగక్క తెచ్చిన క్యారియర్ తెరిచి ఉంది. బయట బండి దగ్గర డ్రైవర్ అనిల్‌కుమార్ ఉన్నాడు.

"కూర్చోండి దేవ్‌సింగ్ గారూ. ముందు తినండి. కాగితం ఎక్కడికీ పారిపోదు."

"వద్దు సార్. తినే వచ్చిన."

"మేక కూర. గంగక్క చేతిది. వాసన చూశారా?"

"చూసిన సార్. సంతకం ఒక్కటి అయితే..."

"పోయినసారీ ఇదే మాట, తినే వచ్చానని. ఎక్కడ తిని వస్తారో గానీ, మనిషి సగమైపోయారు."

"వయసు సార్."

"సరే, చదువుతా. 'నా త్రీ ఫిఫ్టీన్ రైఫిల్ తూటాలు లైసెన్సు ప్రకారం నేనే నింపుకుంటాను. ఇకమీదట సీసం గుండ్లు మాని, సీసం లేని గుండ్లు వాడుటకు అనుమతి...' బాగానే ఉంది. ఏ గుండ్లు?"

"మూడు తీర్లు చూసిన సార్. తగరంది మరీ తేలిక, దూరం పోదు. ఇత్తడిది ఇటు దూరి అటు పోతది. పంది పడదు, గాయంతోటి తిరుగుతది. రాగిది మంచిగుంది. మూతికి తొర్ర ఉంటది, లోపలికి పోయినంక పువ్వు లెక్క విచ్చుకుంటది గని ముక్క ఊడదు. రాగి తేలిక గద, అదే బరువుకు గుండు పొడుగైతది, తూటాల జాగ చాలదు. అందుకని కొంచెం తక్కువ బరువుది ఏరిన."

"చాలా చదివారే. సీసం అయితే ముక్క ఊడుతుందా?"

"ఎముకకు తాకితే పిండి పిండి అయితది సార్. కంటికి కనపడదు. గాయం ఒక కాడ ఉంటే, పిండి జానెడు అవతల ఉంటది."

"అయితే?"

"అయితే... మంచిది గాదు గద."

"ఎవరికి?"

"రైఫిల్‌కు."

"గుండు పగిలేది పంది ఒంట్లో. రైఫిల్‌కేం?"

"బ్యారెల్ ఖరాబైతది సార్."

"రాగే బ్యారెల్‌కి ఎక్కువ అంటుకుంటుంది. మా ట్రైనింగులో చెప్పారు."

"అవ్. అది గూడ నిజమే."

"మరి?"

"గద్దల కోసం సార్. గద్దలు తిని సచ్చిపోతయట."

"గద్దలు నాలుగడుగుల గుంతలోకి దిగి తింటాయా?"

"దిగయి సార్."

"కాల్చిన ప్రతి పందినీ గుంత తీసి, సున్నం చల్లి పూడుస్తున్నాం. నిన్నటితో పన్నెండు పందులు, పన్నెండు గుంతలు. ప్రతిదానికీ పంచనామా. మీ సంతకం, సర్పంచ్ సంతకం, నా సంతకం. నేను గుంత అంచున నిలబడి చూశానా, లేదా?"

"చూసిన్రు సార్. తలకాయ చూసిన్రు."

"ఏంటీ?"

"తలకాయ, తోలు. సున్నం కింద అవే గద కనపడేవి. అదే అంటున్న."

"వేరే చోట్ల మాంసం బయటికి పోతుందంటారు. నా దగ్గర ముక్క కూడా కదలదు. మీటింగులో అందరి ముందూ నన్నే చూపించి చెప్పారు, తెలుసా?"

"తెలుసు సార్. ఊరంత చెప్పుకున్నరు."

"మరి మట్టిలో కుళ్ళిపోయే పందిలో సీసం ఉంటే ఏంటి, రాగి ఉంటే ఏంటి?"

"మాట వరసకు అంటున్న సార్. మాట వరసకు... ఎవరన్న తిన్నరనుకోండ్రి."

"మాట వరసకే. ఎంతమంది?"

"వేటల వాటా అంటే సార్, ఊర్ల పొయ్యి వెలిగే ఇల్లు ఒక్కటి గూడ తప్పియ్యొద్దు. ఒంటరి ముసల్ది అయినా, కులం వేరే అయినా, నిన్నగాక మొన్న కిరాయికి దిగినోళ్లయినా. అడిగేది లేదు, చెప్పేది లేదు, పొయ్యి కాడికి చేరుతది. ఒక్క పొయ్యి తప్పిస్తే మళ్లసారి గురి తప్పుతదంటరు."

"తండాలోనా?"

"తండాల, గూడెంల, అంతట. పాత రివాజు సార్."

"కాల్చినవాడికి?"

"తొడ. ...మాట వరసకు."

"మీ మనవరాల్ని హైదరాబాద్ తీసుకెళ్లారటగా. జ్యోత్స్న కదూ?"

"అవ్ సార్. కడుపు నొప్పి."

"కడుపు నొప్పికి హైదరాబాదా?"

"తినకుండ అయింది. వచ్చిన ఎక్కాలు గూడ మరిచిపోవట్టింది. రెండో ఎక్కం సార్, నిద్రల లేపి అడిగినా చెప్పేది. దవాఖానాల రక్తం తీసిన్రు. సీసం ఉందన్నరు."

"అయ్యో. చూడండి, మీరు ఇంట్లో సీసం కరిగిస్తారు. పొగ పీల్చి ఉంటుంది. ఇంకేం లేదు, అదే."

"డాక్టరమ్మ గూడ గట్లనే అడిగింది. కరిగించుడు ఇడిసిపెట్టి మూడేండ్లాయె సార్, కొన్న గుండ్లే పెడుతున్న. అప్పుడామె ఏం తింటరని అడిగింది. జొన్నరొట్టె అన్న."

"జొన్నరొట్టె."

"జొన్నరొట్టె, పచ్చిపులుసు అన్న. పిల్ల నా మొకం చూసింది."

"ఏమన్నా అందా?"

"అనలె. చూసింది అంతే. బస్సుల ఖమ్మం దాక గట్లనే చూసింది."

"మరి ఊళ్ళోవాళ్లకి చెప్పొచ్చుగా. మాట వరసకే అడుగుతున్నా."

"చెప్పిన. నవ్విన్రు. మా తాతలు తిన్నరు, మేం తిన్నం, ఇప్పుడే విషమైందా దేవ్‌సింగూ అన్నరు. తాతలు బరిసెలతోటి పొడిచిన్రు సార్. సీసం నాది."

"కాల్చడం మానేయండి అయితే."

"మానుకుంటే మక్కచేను పోతది. జూలూరుపాడు దిక్కు నుంచి ఇంకొకడొస్తడు, ఆయన సంచిల గూడ సీసమే. కాల్చినా తప్పే, కాల్చకున్నా తప్పే. చెప్పినా తప్పే, చెప్పకున్నా తప్పే. పంది ఉచ్చుల పడ్డంక ఎంత గుంజితే అంత బిగుస్తది సార్. గట్లుంది నా కథ."

"వినండి. మీరన్నది మాట వరసకే అయితే, నేను విన్నదీ మాట వరసకే. నిజమైతే మాత్రం మీ రైఫిల్ పోతుంది, లైసెన్సు పోతుంది, ఊరు ఊరంతా కేసులో ఉంటుంది. పన్నెండు సంతకాలు పెట్టినవాణ్ణి, నేనూ ఉంటా. అర్థమైందా?"

"అయింది సార్."

"కారణం దగ్గర 'గద్దల సంరక్షణ' అని రాస్తున్నా. ఇదిగో, సంతకం. గద్దలు మీకు రుణపడి ఉంటాయి. ఇంక బయల్దేరండి, కూర చల్లారిపోతోంది."

"దండం సార్."

"దండాలు తర్వాత. అనిల్‌కుమార్! ఇదిగో, ఈ కింది గిన్నె తీసుకెళ్లి ఇంట్లో ఇచ్చిరా. మా పాప బడి నుంచి వచ్చేసి ఉంటుంది."

"సార్..."

"ఇంకా నిలబడ్డారేం? కాగితం చేతికొచ్చిందిగా."

"వచ్చింది సార్. పాపకు ఎన్నేండ్లు?"

"ఐదు. నెల రోజులుగా సరిగా తినడంలేదు. అన్నం చూస్తే కడుపు నొప్పంటుంది. గంగక్క కూరైతేనే నాలుగు ముద్దలు దిగుతాయి. వెళ్ళవయ్యా అనిల్, చూస్తావేం?"

"ఆ గిన్నె పంపకుండ్రి సార్."

"ఎందుకు?"

"పంపకుండ్రి."

"దేవ్‌సింగ్ గారూ, మీరు అడిగింది ఇచ్చాను. అడగనిది వదిలేశాను. తలుపు తీసే ఉంది. పొండి."

"పోతనే ఉన్న సార్. ఆ గిన్నె ఆగినంక పోత."

"ఏమైంది మీకు?"

"అనిల్, బండి తియ్యకు! కింద పెట్టు గిన్నె. సార్, మీరు గూడ ఆ ముద్ద నోట్లె పెట్టకుండ్రి."

"మేక కూరకి ఏమైందయ్యా?"

"మేక గాదు సార్. నిన్న మీరు సంతకం పెట్టిన పన్నెండో గుంత అది. మీ పొయ్యి గూడ ఈ ఊర్లనే వెలుగుతది గద."