చూడకుండా గీసిన సూర్యుడు

అధ్యక్షత వహించిన డైరెక్టరు గారికి, నాకు ఈ పని నేర్పిన మా పెద్దాయనకు, ఫ్యాను కింద చోటు దొరికిన మిత్రులకూ, దొరకని మిత్రులకూ నమస్కారం. (నవ్వులు)

ఇవాళ రిటైరయ్యే దాకా, ముప్ఫై నాలుగేళ్లుగా నా పని ఒక్కటే. పొద్దున్నే టెలిస్కోపు గది తెరిచి, కాగితం మీద పడే సూర్యబింబంలో మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిల్‌తో గీయడం. ఆ మచ్చల దగ్గర రేగే తుఫాను వల్ల ఇక్కడ విమానాల రేడియోలు మూగబోతాయని, కరెంటు పోతుందని ఒకసారి ఇంట్లో చెప్పాను, అంతే, బల్బు ఆరినప్పుడల్లా మా ఆవిడ "ఇవాళ ఏం గీసొచ్చారు?" అని నన్నే నిలదీసేది. (నవ్వులు)

ఇందాక డైరెక్టరు గారు నేను ఒక్కరోజూ తప్పలేదన్నారు. తప్పానండీ. ఇరవై ఆరేళ్ల కిందట మా ఆవిడనూ పసిబిడ్డనూ ఆసుపత్రి నుంచి ఇంటికి చేర్చేసరికి పొద్దు వాలిపోయింది. అదిగో, రెండో వరుసలో ఉన్న మా అమ్మాయే ఆ పసిబిడ్డ. తప్పు దానిది కాదు, నాది. అలాంటి రోజు కాగితం మీద 'చూడలేదు' అని రాసి సంతకం పెట్టాలి, ఇక్కడి పద్ధతి అది. పెద్దాయన ఏమంటారోనని భయపడి, ముందురోజు మచ్చలనే గోరెడు పక్కకు జరిపి గీసేశాను. సూర్యుడు తిరుగుతాడు కదా, ఎవరికీ అనుమానం రాలేదు. మర్నాడు చూస్తే బింబం నడుమ బఠాణీ గింజంత మచ్చ. మరో రెండు రోజులకు ఊరంతా కరెంటు పోయింది.

మూడో వరుసలో మన పరిశోధకురాలు కూర్చుంది. ఆ మచ్చ ఒక్కరోజులో పుట్టిందని మూడేళ్లు కష్టపడి వ్యాసం రాసింది, సోమవారం అచ్చుకు పంపుతోంది. అంతకు ముందురోజు బొమ్మలో అది లేదన్నదే సాక్ష్యం. ఆ బొమ్మ నిన్ననే నాకు చూపించి, "సార్, ఇది లేకపోతే నా వ్యాసమే లేదు" అంది. అమ్మా, దాన్ని పంపకు. ఆ రోజు నేను సూర్యుణ్ణి చూడలేదు.

(పరిశోధకురాలు లేచి అడుగుతుంది)

"ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి సార్?" అని అడుగుతోంది, వెనకవాళ్లకు వినబడలేదేమో. ఒక్కటే తల్లీ. కానీ ఇకమీదట నా మాట నమ్మాల్సిన పని నీకు లేదు. రేపు పొద్దున్నే వస్తాను. పన్నెండు వేల బొమ్మలూ ఒక్కొక్కటే తీసి నీ ముందు పెడతాను. అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ కొట్టెయ్యి, అడ్డుచెప్పను.

ఇన్నాళ్లు భరించినందుకు, ఇప్పుడు లేచి వెళ్లిపోకుండా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞుణ్ణి. సెలవు.