పద్మలత కాలు, నా మాట

సభను ముందుండి నడిపిస్తున్న పెద్దలు సారంగపాణి గారికి, నా చేతికి మొట్టమొదటిసారి బంతి ఇచ్చిన మా డ్రిల్లు సారు ఎల్లస్వామి గారికి, ముందు వరుసలో కూర్చుని నేనింకా నోరు తెరవకముందే కళ్లు తుడుచుకుంటున్న మా అమ్మ లక్ష్మీనర్సమ్మకు, ఈ ఎండలో హన్మకొండ నుంచీ కాజీపేట నుంచీ పనులు మానుకుని వచ్చిన అన్నలకు, అక్కలకు, బ్యాట్ల సంచులతో సహా వచ్చిన ఆడపిల్లలకు నా నమస్కారాలు. గోడ వారగా నిలబడ్డ పిల్లలు ముందుకు వచ్చి ఇక్కడ కింద కూర్చోండమ్మా, నేను త్వరగా వదిలేటట్టు లేను. (నవ్వులు)

సారంగపాణి గారు ఇందాక నన్ను ఉక్కు మనిషి అన్నారు. సార్, నాలో ఉక్కు ఏమీ లేదు. ఉన్నది మూడో వరుసలో ఆ చివర కూర్చున్న పద్మలత కాలిలో, మోకాలి కింద, ఇంత పొడుగు రాడ్. ఇయ్యాల నేను చెప్పాలని వచ్చిన సంగతి అదే. అయితే మొదటి నుంచి చెప్పకపోతే అర్థం కాదు, కొంచెం ఓపిక పట్టండి.

మా నాన్న సాంచెల షెడ్డులో పనిచేసేవారు. ఆ మరమగ్గాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే అరవాల్సిందే కాబట్టి మా ఇంట్లో ఉప్పు అందుకోమన్నా వీధంతా వినబడేది. తర్వాత ఎన్ని స్టేడియాల్లో, ఎంత గోలలో బౌండరీ దగ్గరి ఫీల్డరును పిలిచినా ఒక్క కేకకే తిరిగి చూసిందంటే ఆ గొంతు మా నాన్న షెడ్డు ఇచ్చిందే. ఏడో తరగతిలో నేనూ, హసన్‌పర్తి నుంచి బస్సులో వచ్చే పద్మలతా స్కూలు వెనక జామచెట్టు మీదికి రాళ్లు విసురుతూ ఎల్లస్వామి సారుకు దొరికిపోయాం. తంతారనుకున్నాం. ఆయన నడుము మీద చేతులు పెట్టుకుని చెట్టును చూసి, మమ్మల్ని చూసి, "ఇసురుడు మంచిగనే ఉన్నది గని, కాయ ఇంక చెట్టుకే ఉన్నది. రేపట్నుంచి బంతి ఇస్త, పొద్దుగాల రాండ్రి" అన్నారు. (నవ్వులు, చప్పట్లు) మా ఇద్దరి చదువూ అక్కడితో పాడైంది, క్షమించండి సార్.

పద్మ వేగంగా వేసేది, నేను కొట్టేదాన్ని. అట్లా జిల్లా, రాష్ట్రం, దేశం. పాత కెప్టెన్ విదేశీ పర్యటనకు పది రోజుల ముందు తప్పుకోవడంతో ఎవరో ఒకరు కావాలి కనుక నన్ను పెట్టారు. మొదటి ఏడు మ్యాచుల్లో ఆరు ఓడిపోయాను, టాస్ అయితే ఏడుకు ఏడూ ఓడిపోయాను. అప్పుడు మా అమ్మ మేడారం పోయి, నా బరువుకు సరిపడా బంగారం, అంటే అక్కడ బెల్లమే, అమ్మవార్లకు సమర్పించి, ఏమని మొక్కిందో తెలుసా? "కప్పు గిప్పు నాకెరుకలే తల్లీ, పిల్లకు ఆ బొమ్మబొరుసన్న గెలిపియ్యి." (నవ్వులు) అమ్మా, నవ్వకు, నిజం కాదా? కప్పు వచ్చింది, టాస్ మాత్రం ఫైనల్లో కూడా ఓడిపోయాను.

ఆ కప్పు గురించే ఇప్పుడు చెప్తాను.

నాలుగేళ్ల కింద, సెమీఫైనల్ రోజు పొద్దున. హోటల్లో లిఫ్టు ఖాళీగా ఉన్నా మెట్ల మీద నుంచి వస్తున్న పద్మ కనబడింది. రెయిలింగ్ రెండు చేతులతో పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కో మెట్టు దిగుతోంది. కాలు ఆడుతుందా లేదా అని తనే పరీక్ష చేసుకుంటోందన్నమాట. నన్ను చూసి ఆగిపోయింది.

"ఎన్నొద్దులాయెనే?" అని అడిగాను.

"పదిరోజులాయె. ఎవ్వలకు జెప్పకు మహీ. ఇంక రెండు మ్యాచులే. గా తర్వాత కాలు ఇరిగినా నాకు ఫికర్ లేదు."

అరగంట తర్వాత టిఫిన్ దగ్గర, మా దెబ్బలూ నొప్పులూ చూసే ఫిజియో మేడం నా పక్కన కూర్చుని, "పద్మ నడకలో ఏదో తేడా కనిపిస్తోంది, నీకేమైనా చెప్పిందా?" అని సూటిగా అడిగారు. నేను దోసె తుంచుతూ, ఆమె మొహం చూడకుండా, "కొత్త చెప్పులు కరిచాయట మేడం" అన్నాను. ఆమె నమ్మారు. ఎందుకు నమ్మరు, చెప్పింది కెప్టెన్ కదా.

(విరామం)

పద్మ ఆ రోజు మూడు వికెట్లు తీసింది. తన ఎనిమిదో ఓవర్ రెండో బంతికి కాలు నేలకు ఆన్చగానే ఎముక విరిగిన చప్పుడు మిడాన్‌లో ఉన్న నాకు వినబడింది. స్ట్రెచర్ మీద కూడా అది నా చెయ్యి పట్టుకుని, "మ్యాచ్ ఇడువకు" అంది. విడవలేదు. పదకొండు పరుగులతో గెలిచాం, ఫైనల్ కూడా గెలిచాం. నొప్పిని దాచుకుని దేశం కోసం ఆడిన వీరవనిత అని పేపర్లు పద్మను రాశాయి, ఆమె లేకపోయినా జట్టును నిలబెట్టిన ధైర్యశాలి అని నన్ను రాశాయి. ఇదే ఊళ్లో ఓపెన్ జీపు మీద నన్ను ఊరేగించారు, మీలో చాలామంది పూలు చల్లారు. ఆ సమయానికి పద్మ దవాఖానలో రెండో ఆపరేషన్‌కు ఎదురుచూస్తోంది. తర్వాత ఏడు నెలలు చేతికర్ర. మళ్లీ దేశానికి ఆడలేదు.

నేను చూడటానికి పోయినప్పుడల్లా వాళ్లమ్మ సమ్మమ్మత్త చాయ్ పోసి ఇచ్చి, "మహితా, నువ్వన్న జెప్పు బిడ్డా, ఎవ్వలకు జెప్పకుంట దాసుకున్నది, తన కాలు తనే ఇరగ్గొట్టుకున్నది" అనేవారు. పద్మ తలవంచుకుని వినేది. దాచింది తనొక్కతే అని పద్మ కూడా అనుకుంది. ఆ పొద్దున ఫిజియో మేడం నన్ను అడిగారనీ, నేను అబద్ధం చెప్పాననీ దానికి తెలియదు. ఆ చాయ్ నేను నాలుగేళ్లు తాగాను.

నాయకత్వం మీద నన్ను కాలేజీలకు పిలిచేవారు. పోయి మాట్లాడేదాన్ని. చప్పట్లు కొట్టేవారు. కారెక్కాక అద్దంలో నా మొహం నేను చూసుకునేదాన్ని కాదు.

జట్టులో మాత్రం ఒక మార్పు చేయించాను. ఎవరికి ఏ నొప్పి ఉన్నా ఫిజియోకే చెప్పాలి, ఆడవద్దని ఆమె అంటే కెప్టెన్‌కు నోరెత్తే హక్కు లేదు. ఎందుకు అంత పట్టుబడుతున్నావని బోర్డు వాళ్లు అడిగారు, ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇక రెండు నెలల కింద జరిగిన నా ఆఖరి సిరీస్ మీకు తెలుసు. చివరి మ్యాచ్‌లో మా బౌలర్ కావ్యను ఎందుకు ఆడించలేదని టీవీల్లో, ఫోన్లలో, మా గల్లీ కిరాణా కొట్టు ముందర కూడా నన్ను తిట్టారు. తిట్టినవాళ్లు ఈ హాల్లో కూడా ఉన్నారు, నాకు మొహాలు గుర్తే. (నవ్వులు) కావ్యను అడిగే ఇప్పుడు చెబుతున్నాను. ఇరవై ఏళ్ల ఆ పిల్ల ఆ పొద్దున వచ్చి, "అక్కా, నడుముల నొస్తాంది, ఫిజియో మేడంకు జెప్పిన, ఆడద్దన్నది. మ్యాచ్ పోతదేమో అక్కా" అని ఏడ్చింది. "పోతే పోనియ్ బిడ్డా" అన్నాను. పోయింది. మ్యాచ్ పోయింది, సిరీస్ పోయింది. మహిత పని అయిపోయిందన్నారు. బహుమతుల సభలో ఓడిన కెప్టెన్‌గా నిలబడి ఉంటే నాకు ఎంత తేలికగా ఉందో ఎవరికి చెప్పినా నమ్మరు. కావ్య వెన్నెముకలో చిన్న పగులు ఉందని, ఇంకో రోజు బంతి వేసి ఉంటే పెద్దదయ్యేదని మర్నాడు స్కానింగులో తేలింది. ఆ సాయంత్రమే నా రాజీనామా ఇచ్చేశాను.

వారం తర్వాత హసన్‌పర్తి పోయాను. సమ్మమ్మత్తను కూడా కూర్చోమని, చాయ్ వద్దని, చెప్పుల మాటతో సహా మొత్తం చెప్పాను. సమ్మమ్మత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పద్మ లేచి పెరట్లోకి పోయింది, నేను వచ్చేసేదాకా లోపలికి రాలేదు. పదకొండు రోజులు ఫోన్ ఎత్తలేదు. నాకు భయం వేసింది. అయినా ఆ పదకొండు రోజులూ నేను కడుపునిండా తిన్నాను, నాకే సిగ్గుగా అనిపించింది. పన్నెండో రోజు అదే ఫోన్ చేసింది.

"గ్రౌండుకు రా. ప్యాడ్లు కట్టుకొని రా."

ఎల్లస్వామి సారు కూడా వచ్చారు, ఏం జరుగుతుందోనని. (నవ్వులు) పద్మ కాలు విరిగాక బంతి వేయడం అదే మొదలు. డాక్టరు ఒప్పుకున్నారా అని అడగబోయాను, కాగితం తీసి చూపించింది. పొట్టి పరుగుతో వచ్చి వేసింది. మొదటి బంతి నా పక్కటెముకలకు తగిలింది, అది కావాలని వేసిందే. పద్మా, తల ఊపకు, కావాలనే వేశావు. రెండోది, మూడోది బ్యాటు పక్క నుంచి పోయాయి. అయిదో బంతి దాకా దాని మొహం రాయిలాగే ఉంది. ఆరో బంతి లోపలికి తిరిగి మధ్య వికెట్‌ను పీకేసింది. నేను కదల్లేదు. అది కుంటకుండా నా దగ్గరికి నడిచి వచ్చి, రొప్పుతూ, "నాలుగేండ్లు మా అమ్మతోని నన్ను తిట్టిపిచ్చినవ్ గదనే" అంది. అవునన్నాను. "నువ్వు గప్పుడే నిజం జెప్తే, నిన్ను సంపుతుంటి. అది గూడ నిజమే" అంది. తర్వాత నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎల్లస్వామి సారు పడిన వికెట్టును మళ్లీ పాతుతూ అటు తిరిగి నిలబడ్డారు.

ఈ మాట సభలో చెప్పనా అని నిన్న అడిగితే పద్మ, "జెప్పు. గని నన్ను పాపం అనిపియ్యకు" అంది. అందుకని ఎవరూ పాపం అనకండి. వచ్చే నెల నుంచి మన జిల్లా ఆడపిల్లలకు బౌలింగ్ నేర్పేది ఆమే, పాపం అనాల్సింది ఆ పిల్లలను. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు)

ఇంత ఎండలో వచ్చి, గెలుపు గురించి వింటామనుకుని నా తప్పు గురించి విన్నారు. ఒక్కరు కూడా లేచి పోలేదు. ఈ శాలువా కప్పిన చేతులకు, ఆ రోజు పూలు చల్లిన చేతులకు, మొన్న తిట్టిన నోళ్లకు కూడా దండం. సమ్మమ్మత్త బయట మెట్ల దగ్గర సద్ది గిన్నెతో ఎదురుచూస్తున్నారట, ముగ్గురం కలిసి తినాలని పంపిన కబురు ఇప్పుడే చేతికి వచ్చింది. నేను నిజం చెప్పిన రోజు తర్వాత ఆమె నన్ను పిలవడం ఇదే మొదలు, ఆలస్యం చేయలేను. సెలవు.